టెక్సాస్‌లో ఫెలనీ తరగతులు: స్టేట్ జైల్ ఫెలనీకి అసలు శిక్ష ఎంత?

డెంటన్_వాసి:

అందరికీ నమస్కారం. మాకు బాగా తెలిసిన కుటుంబపు అబ్బాయి ఒకడు డల్లాస్ దగ్గర మాస్టర్స్ చదువుతూ ఒక దుకాణంలో పనిచేసేవాడు. ఎవరూ వెనక్కి ఇవ్వని సరుకును ఇచ్చినట్టుగా కంప్యూటర్లో నమోదు చేసి, ఆ సొమ్మును గిఫ్ట్ కార్డుల్లోకి ఎక్కించుకున్నాడన్నది యాజమాన్యం ఆరోపణ. ఏ ఒక్కసారీ మూడు వందల డాలర్లు దాటలేదనీ, అన్నీ కలిపితే 2,800 డాలర్ల దాకా తేలిందనీ అంటున్నారు. అరెస్టయిన మర్నాడే బాండు మీద బయటికి వచ్చాడు. కౌంటీ జైలు వెబ్‌సైట్‌లో అతని పేరుకు ఎదురుగా "థెఫ్ట్, 2,500 డాలర్ల నుంచి 30,000 లోపు" అనీ, ఆ పక్కనే "స్టేట్ జైల్ ఫెలనీ" అనీ ఉంది. ఫెలనీ అంటే పెద్ద నేరాల తరగతి అని మాత్రం తెలుసు.

తల్లిదండ్రులు ఖమ్మంలో ఉంటారు. తండ్రి రిటైరైన ఉపాధ్యాయుడు. రోజూ ఫోన్ చేసి "ఇది బెయిలబులా, నాన్ బెయిలబులా? ఎన్నేళ్లు పడుతుంది?" అని అడుగుతున్నారు, ఏం చెప్పాలో నాకు పాలుపోవడం లేదు. న్యాయవాదిని మాట్లాడుకున్నారు, ఆయన వచ్చే వారం కూర్చుందామన్నారు. ఈలోగా నాకు తెలియాల్సినవి ఇవి. మూడు వందలకు మించని మొత్తాలు ఫెలనీ ఎలా అయ్యాయి? ఈ రాష్ట్రంలో ఫెలనీలను ఎన్ని రకాలుగా విభజించారు, ఏ రకానికి ఎంత శిక్ష? అన్నిటికంటే కింది మెట్టు కాబట్టి పెద్దగా భయపడనక్కర్లేదని ఒకాయన, ఫెలనీ అన్న మాట పడితే ఇక అంతేనని మరొకాయన చెబుతున్నారు. ఏది నమ్మాలి?

హ్యూస్టన్_పారాలీగల్:

డెంటన్ గారూ, నేను న్యాయవాదిని కాను. క్రిమినల్ కేసులు చూసే న్యాయవాది దగ్గర ఫైళ్లు తయారు చేయడం నా ఉద్యోగం. కాబట్టి చట్టం ఎలా అమర్చి ఉందో చెప్పగలను గానీ, ఆ అబ్బాయి కేసు ఎటు పోతుందో చెప్పలేను. మొదట ఒక విన్నపం: కేసు వివరాలు ఇంతకు మించి ఇక్కడ రాయకండి. ఆ ఉద్యోగానికి అతనికి అనుమతి ఉందా లేదా అన్న సంగతి అసలే రాయకండి.

టెక్సాస్ శిక్షాస్మృతి 1974 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 1993లో చట్టసభ దాన్ని విస్తృతంగా తిరగరాసింది, ఆ మార్పులు 1994 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చాయి. జైళ్లు కిక్కిరిసిపోయి కొత్తవాళ్లకు చోటు లేని రోజులవి. అప్పటిదాకా ఫెలనీల్లో అట్టడుగున ఉన్నది థర్డ్ డిగ్రీ. చిన్న దొంగతనాలు, కొద్దిపాటి మాదకద్రవ్యాల కేసులు వంటి వాటిని అందులోంచి తీసి, వాటి కోసం కొత్తగా కట్టిన తరగతే స్టేట్ జైల్ ఫెలనీ. అందువల్ల ఇప్పుడున్నవి ఐదు. పైన కాపిటల్ ఫెలనీ, ఆ తరువాత ఫస్ట్, సెకండ్, థర్డ్ డిగ్రీలు, చివర స్టేట్ జైల్.

కాపిటల్ గురించి మీకు అవసరం లేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. విధి నిర్వహణలో ఉన్న పోలీసు అధికారిని చంపడం, దోపిడీ చేస్తూ చంపడం, డబ్బు తీసుకుని చంపడం వంటి, చట్టంలో పేర్కొన్న కొన్ని హత్యలే ఇందులోకి వస్తాయి. శిక్ష మరణదండన, లేదా పెరోల్ (శిక్షాకాలం పూర్తికాకముందే షరతులతో విడుదల) లేని యావజ్జీవం. పెరోల్ లేకపోవడమన్నది 2005 సెప్టెంబరు నుంచి వచ్చిన మార్పు. నేరం నాటికి పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు ఈ రెండూ వర్తించవు.

ఫస్ట్ డిగ్రీకి 5 నుంచి 99 ఏళ్లు లేదా యావజ్జీవం. సాధారణ హత్య, ఆయుధంతో చేసిన దోపిడీ ఇక్కడికి వస్తాయి. సెకండ్ డిగ్రీకి 2 నుంచి 20 ఏళ్లు: ఆయుధం లేని దోపిడీ, దొంగతనానికి ఇంట్లో చొరబడటం, తాగి కారు నడిపి మనిషి చావుకు కారణం కావడం. థర్డ్ డిగ్రీకి 2 నుంచి 10 ఏళ్లు: తాగి నడుపుతూ మూడోసారి పట్టుబడటం, భార్య గొంతు నొక్కి ఊపిరి ఆడకుండా చేయడం. స్టేట్ జైల్ ఫెలనీకి 180 రోజుల నుంచి 2 ఏళ్లు. కాపిటల్ తప్ప మిగతా నాలుగింటికీ జరిమానా గరిష్ఠంగా 10,000 డాలర్లే. సెకండ్, థర్డ్ డిగ్రీలు రెండూ రెండేళ్ల దగ్గరే మొదలవుతాయి. తేడా అంతా పై హద్దులోనే ఉంది. పైగా ఐదేళ్లకూ తొంభై తొమ్మిదేళ్లకూ మధ్య అంకెను ఏ పట్టికా నిర్ణయించదు. నేరం రుజువైతే శిక్షను జడ్జి ఖరారు చేయాలా, జ్యూరీ ఖరారు చేయాలా అన్నది ఎంచుకునే హక్కు ఇక్కడ ముద్దాయికి ఉంది. చాలా రాష్ట్రాల్లో ఇది లేదు. ఒకే నేరానికి ఒక కౌంటీలో ప్రొబేషన్ (జైలుకు బదులు బయట పర్యవేక్షణ), పక్క కౌంటీలో పన్నెండేళ్లు పడటం చూసి కొత్తగా వచ్చినవాళ్లు ఆశ్చర్యపోతుంటారు.

ఇక దొంగతనం. దీని తరగతిని నిర్ణయించేది ప్రధానంగా సొమ్ము విలువ. 100 డాలర్ల లోపు క్లాస్ సి, అంటే జరిమానాతో పోయేది. 100 నుంచి 750 లోపు క్లాస్ బి, 180 రోజుల దాకా కౌంటీ జైలు. 750 నుంచి 2,500 లోపు క్లాస్ ఎ, ఏడాది దాకా. ఇంతవరకూ మిస్‌డిమీనర్లే, అంటే ఫెలనీ కంటే చిన్న నేరాలే. 2,500 నుంచి 30,000 లోపు స్టేట్ జైల్ ఫెలనీ, అక్కడి నుంచి 1,50,000 లోపు థర్డ్, 3,00,000 లోపు సెకండ్, ఆపైన ఫస్ట్ డిగ్రీ. 2015 సెప్టెంబరుకు ముందు ఫెలనీ 1,500 దగ్గరే మొదలయ్యేది. ధరలు పెరిగినా అంకెలు 1993 నాటివే ఉండిపోయాయని చట్టసభ వాటిని సవరించింది.

మూడు వందలకు మించని మొత్తాలు ఫెలనీ ఎలా అయ్యాయన్న మీ ప్రశ్నకు సమాధానం శిక్షాస్మృతి 31.09 సెక్షన్‌లో ఉంది. ఒకే పథకం ప్రకారం, లేదా ఒకే ధోరణిలో కొనసాగిన దొంగతనాలన్నిటినీ ఒకే నేరంగా లెక్కించి, మొత్తాలను కలిపి తరగతిని నిర్ణయించవచ్చు. పెట్రోలు బంకుల్లో, కిరాణా దుకాణాల్లో పనిచేసేవాళ్ల మీద వచ్చే కేసుల్లో సగం గొడవ ఈ కూడిక దగ్గరే ఉంటుంది. యాజమాన్యం ఇచ్చిన పట్టికలో ఒక్కో లావాదేవీని ఆ రోజు అతను విధుల్లో ఉన్నాడా, ఆ లాగిన్ అతనొక్కడే వాడేవాడా, కెమెరాలో కనబడుతున్నాడా అని విడివిడిగా పరీక్షించాలి. 2,800 లోంచి 301 డాలర్ల మేర నిలవకపోతే మిగిలేది 2,499. అప్పుడది ఫెలనీ కాదు, క్లాస్ ఎ. మా కార్యాలయంలో ఇలాంటి ఫైలు రాగానే మొదట అడిగేది షిఫ్టుల పట్టిక.

తరగతిని పైకి నెట్టేవి మరికొన్ని ఉన్నాయి. నష్టపోయిన వ్యక్తి 65 ఏళ్లు నిండినవారైతే దొంగతనం ఒక మెట్టు పైకి పోతుంది. ముగ్గురో అంతకు మించినవారో ముఠాగా ఏర్పడి చేశారని ప్రాసిక్యూషన్ నిరూపించగలిగితే, అక్కడా సాధారణంగా ఒక మెట్టు పెరుగుతుంది. ఇద్దరు ముగ్గురు రూమ్మేట్లు అదే దుకాణంలో పనిచేసిన సందర్భాల్లో ఈ మాట వినబడుతుంది. ఇంతకుముందు రెండుసార్లు దొంగతనం కింద శిక్షపడి ఉంటే, తరువాతిది యాభై డాలర్లదైనా స్టేట్ జైల్ ఫెలనీయే. పాత ఫెలనీ ఉన్నవాడు మళ్లీ థర్డ్ డిగ్రీ నేరం చేస్తే సెకండ్ డిగ్రీ శిక్ష పడుతుంది; ఒకదాని తరువాత ఒకటిగా రెండు పాత ఫెలనీలు ఖాయమై ఉన్నవాడు మూడోసారి ఫస్ట్, సెకండ్, థర్డ్ డిగ్రీల్లో ఏ ఫెలనీ చేసినా 25 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా ఎదుర్కోవాలి. దీనికి భిన్నంగా, నేరానికి ప్రయత్నించి విఫలమైతే తరగతి ఒక మెట్టు దిగుతుంది.

డెంటన్_వాసి:

చాలా కృతజ్ఞతలండి. షిఫ్టుల పట్టిక సంగతి వెంటనే చెప్పాను. ఆ అబ్బాయికి పాత కేసులేవీ లేవు. మరొక్క సందేహం. ఒకవేళ ఏడాదో రెండేళ్లో శిక్ష పడినా మూడో వంతు గడిపితే బయటికి పంపేస్తారని ఎవరో చెప్పారట. ఇంట్లోవాళ్లు ఆ మాట పట్టుకుని ఊరట పడుతున్నారు. అది నిజమేనా?

జైలు_నర్సు:

ఆ ఊరట నిలిచేది కాదండి. నేను రాష్ట్ర జైళ్ల వైద్య విభాగంలో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. స్టేట్ జైల్ శిక్షకు పెరోల్ లేదు. మంచి నడవడికకు రోజులు కలిపే పద్ధతి కూడా లేదు. చదువులోనో, పనిలోనో, చికిత్స కార్యక్రమంలోనో శ్రద్ధగా పాల్గొన్నందుకు శిక్షలో ఐదో వంతు దాకా తగ్గించే వెసులుబాటు ఒక్కటే ఉంది. అంటే రెండేళ్లు పడితే, అన్నీ సక్రమంగా జరిగినా ఏడాదిన్నరకు పైగా లోపలే ఉండాలి.

థర్డ్ డిగ్రీ కింద అదే రెండేళ్లు పడినవాడి లెక్క వేరు. నేరం హింసాత్మకమైనది కాకపోతే, గడిపిన కాలమూ మంచి నడవడికకు కలిసిన కాలమూ చేరి శిక్షలో నాలుగో వంతుకు రాగానే పెరోల్ బోర్డు అతని కాగితాలు చూడవచ్చు. బోర్డు వదలాలన్న నియమం ఏమీ లేదు, కానీ తలుపైతే ఉంది. మందుల కిటికీ దగ్గర రక్తపోటు మాత్రలకు వరుసలో నిలబడ్డ ఇద్దరిలో, పెద్ద నేరం చేసినవాడు నెలల్లో వెళ్లిపోవడమూ, చిన్న నేరం చేసినవాడు రెండో వేసవి కూడా అక్కడే గడపడమూ నేను చూశాను. ఆ రెండో వేసవి తేలికైనది కాదు. చాలా యూనిట్లలో ఖైదీలు పడుకునే చోట ఏసీ ఉండదు; మధ్యాహ్నం పూట కళ్లు తిరిగి పడిపోయినవాళ్లను స్ట్రెచర్ మీద తేవడం మాకు రివాజు. అందుకే కొందరు స్టేట్ జైల్ కంటే థర్డ్ డిగ్రీ ఒప్పందమే నయమని అడిగి మరీ తీసుకునేవారు. నేరచరిత్రలో పెద్ద అంకె పడుతుందని తెలిసి కూడా అలా చేసేవారు.

తీవ్రమైన నేరాల మాట చెప్పాలంటే, హత్య, ఆయుధంతో దోపిడీ వంటి వాటికి మంచి నడవడిక లెక్కలోకి రాదు. సగం శిక్ష లేదా ముప్పై ఏళ్లు, ఏది తక్కువైతే అది పూర్తిగా గడిచాకే పెరోల్ ప్రశ్న వస్తుంది. కనుక తీర్పులో వినబడే సంవత్సరాలూ లోపల గడిచే సంవత్సరాలూ ఒక్కో తరగతికి ఒక్కో నిష్పత్తిలో ఉంటాయి. స్టేట్ జైల్లో ఆ రెండూ దాదాపు ఒకటే.

అయితే, పాత కేసులు లేని కుర్రవాడికి ఇంత చిన్న మొత్తానికి నేరుగా జైలు పడటం అరుదే. ప్రొబేషన్, డిఫర్డ్ అడ్జుడికేషన్ (దోషిగా ప్రకటించడాన్ని వాయిదా వేయడం) వంటివి ముందు చర్చకు వస్తాయి. వాటి గురించి నాకంటే తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు.

ప్లేనో_పాతకాపు:

శిక్ష దాకా వెళ్లేముందు అందరూ దాటవేస్తున్న ఒక మెట్టు ఉంది. జైలు వెబ్‌సైట్‌లో కనబడుతున్నది పోలీసులు రాసిన ఆరోపణ మాత్రమే. టెక్సాస్‌లో ఫెలనీ కేసు విచారణకు వెళ్లాలంటే, ముద్దాయి తనంతట తాను వదులుకుంటే తప్ప, గ్రాండ్ జ్యూరీ అభియోగ పత్రం తప్పనిసరి. ఇది రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. పౌరసత్వం వచ్చాక నన్నొకసారి ఆ జ్యూరీకి పిలిచారు. అక్కడ విన్న కేసుల గురించి బయట మాట్లాడకూడదు, మాట్లాడను. పద్ధతి మాత్రం చెప్పవచ్చు.

పన్నెండు మందిమి ఒక గదిలో కూర్చుంటాం. జడ్జి ఉండడు, ముద్దాయి తరఫు న్యాయవాది ఉండడు, మామూలుగా ముద్దాయీ ఉండడు. ప్రాసిక్యూటర్ పోలీసు నివేదిక సారాంశం చెబుతాడు, మేం ప్రశ్నలు అడుగుతాం, తరువాత ఆయన బయటికి వెళ్లి తలుపు వేస్తాడు. ఓటు వేసేటప్పుడు మేం తప్ప ఎవరూ ఉండరు. తొమ్మిది మంది ఒప్పుకుంటే "ట్రూ బిల్", అంటే అభియోగ పత్రం వస్తుంది; లేకపోతే "నో బిల్", అంటే రాదు. తేల్చవలసింది నేరం రుజువైందా అన్నది కాదు, విచారణకు తగిన ఆధారం ఉందా అన్నదే కాబట్టి, చాలా కేసులు నిమిషాల్లో ముందుకు వెళ్తాయి. ఒక్కోసారి మాత్రం ముద్దాయి న్యాయవాది ముందుగా ప్రాసిక్యూటర్ ద్వారా ఒక కాగితాల కట్ట పంపిస్తాడు. అందులో రసీదులు, హాజరు పట్టికలు, సొమ్ము తిరిగి కట్టినట్టు ఆధారం ఉంటాయి. అలాంటి కట్ట బల్ల మీదికి వచ్చినప్పుడు గదిలో ప్రశ్నల తీరే మారిపోవడం నేను గమనించాను. పైన పారాలీగల్ గారు చెప్పిన షిఫ్టుల పట్టిక ఈ దశకే చేరగలిగితే మంచిది. అభియోగ పత్రం వచ్చాక దాన్ని కిందికి దించడం మరింత శ్రమ.

ఆలస్యం జరిగితే కేసు పోయిందని కూడా అనుకోకండి. ఫెలనీ దొంగతనానికి అభియోగం తేవడానికి సాధారణంగా ఐదేళ్ల గడువు ఉంది.

హైదరాబాద్_అడ్వకేట్:

ఖమ్మం మాస్టారు గారి ప్రశ్నకు ఇటువైపు నుంచి సమాధానం చెబితే ఆయనకు తేలికగా అర్థమవుతుందేమో. 2024 జులై 1 నుంచి మన దగ్గర భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. అందులో ఫెలనీ, మిస్‌డిమీనర్ అన్న విభజన లేదు, ముందున్న ఐపీసీలోనూ లేదు. నేరం బెయిలబులా కాదా, వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయవచ్చా, ఏ కోర్టు విచారించాలి అన్నవి నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ విధానం చెప్పే చట్టం) మొదటి షెడ్యూలులో సెక్షన్ల వారీగా ఉంటాయి. దొంగతనం విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మొదటిసారి దొరికి, సొమ్ము తిరిగి ఇస్తే సమాజ సేవతో సరిపెట్టే వీలు కొత్తగా వచ్చింది. ఆపైన లక్ష అయినా కోటి అయినా సెక్షన్ ఒకటే, గరిష్ఠం మూడేళ్లు. ఉద్యోగి యజమాని సొమ్ము దొంగిలిస్తే గరిష్ఠం ఏడేళ్లు. అక్కడ డాలరు విలువ చేసే పనిని ఇక్కడ చాలావరకు జడ్జి విచక్షణ చేస్తుంది.

కాబట్టి మాస్టారుగారు ఫెలనీ అన్న మాటను "నాన్ బెయిలబుల్"తో సమానం చేసి భయపడనక్కర్లేదు. నాకు తెలిసినంతవరకు టెక్సాస్‌లో కాపిటల్ కేసులు, మరికొన్ని తీవ్రమైన సందర్భాలు తప్ప బెయిలు హక్కుగానే వస్తుంది; తేలవలసింది ఎంత మొత్తం అన్నదే. అబ్బాయి ఇప్పటికే బయట ఉన్నాడు కాబట్టి ఆ అధ్యాయం ముగిసినట్టే, కోర్టు వాయిదాలకు తప్పకుండా వెళ్లినంత కాలం.

ఇర్వింగ్_వీసాకాగితాలు:

నేను ఇమిగ్రేషన్ న్యాయవాది కార్యాలయంలో పనిచేస్తాను. పైన అందరూ చెప్పినవి రాష్ట్రం కొలతలు. పౌరసత్వం లేనివాడికి చివరకు లెక్కకు వచ్చేది ఫెడరల్ చట్టం కొలత, ఆ రెండూ ఒకచోట కలవవు. మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. "ఫెలనీని మిస్‌డిమీనర్‌గా తగ్గించారు, గండం గడిచింది" అని మిఠాయి పంచినవాళ్లకు ఏడాది తరువాత నోటీసు వచ్చిన సందర్భాలు చూశాను.

దొంగతనాన్ని సాధారణంగా నైతిక పతనం ఇమిడి ఉన్న నేరంగా పరిగణిస్తారు. దేశంలోకి అనుమతి పొందిన ఐదేళ్లలోపు అలాంటి నేరం చేసి శిక్షకు గురైతే, ఆ నేరానికి ఏడాది లేదా అంతకు మించిన శిక్ష వేసే వీలుంటే చాలు, దేశం నుంచి పంపివేయవచ్చు. నిజంగా ఎంత వేశారన్నది ఇక్కడ ప్రశ్న కాదు, ఎంత వేసే వీలుందన్నదే ప్రశ్న. స్టేట్ జైల్ ఫెలనీకి గరిష్ఠం రెండేళ్లు, కాబట్టి అది ఈ గీత దాటుతుంది. క్లాస్ ఎ మిస్‌డిమీనర్‌కు గరిష్ఠం సరిగ్గా ఏడాది, అదీ దాటుతుంది. 180 రోజుల క్లాస్ బి మాత్రం దాటదు. రాష్ట్రం దృష్టిలో పెద్ద గోడ ఫెలనీకీ క్లాస్ ఎకీ మధ్య ఉంటే, ఈ నిబంధన దృష్టిలో అది క్లాస్ ఎకీ క్లాస్ బికీ మధ్య ఉంది.

శిక్షాస్మృతి 12.44 సెక్షన్ పేరు మీరు త్వరలోనే వింటారు. దాని మొదటి భాగం కింద జడ్జి స్టేట్ జైల్ ఫెలనీకి క్లాస్ ఎ శిక్ష వేయవచ్చు, కానీ రికార్డులో నేరం ఫెలనీగానే మిగులుతుంది. రెండో భాగం కింద ప్రాసిక్యూటర్ కోరితే జడ్జి అనుమతితో కేసే క్లాస్ ఎగా మారుతుంది. ఉద్యోగాల కోసం నేరచరిత్ర తనిఖీ చేసేవాళ్ల దృష్టిలో ఈ రెంటికీ చాలా తేడా ఉంది. ఇమిగ్రేషన్‌లో కొన్ని మినహాయింపుల దగ్గర తేడా వస్తుంది గానీ, పైన చెప్పిన ఐదేళ్ల నిబంధన దగ్గర రెండూ ఒకటే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది డిఫర్డ్ అడ్జుడికేషన్, ఎందుకంటే అది చూడటానికి అంత మంచిగా ఉంటుంది. ముద్దాయి నేరం ఒప్పుకుంటాడు, జడ్జి దోషిగా ప్రకటించకుండా పక్కన పెట్టి కొన్నేళ్ల పర్యవేక్షణ విధిస్తాడు, అది సక్రమంగా పూర్తయితే కేసు కొట్టేస్తారు. రాష్ట్ర చట్టం ప్రకారం అది చాలా విషయాల్లో శిక్షపడినట్టు కాదు. ఫెడరల్ చట్టంలో 1996లో వచ్చిన నిర్వచనం ప్రకారం, నేరం ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక రూపంలో ఆంక్ష విధిస్తే అది శిక్షపడినట్టే. తరువాత కొట్టేసినా ఆ ముద్ర పోదు. మధ్యలో షరతు తప్పితే ఇంకో చిక్కు ఉంది. జడ్జి అప్పుడు దోషిగా ప్రకటించి ఆ తరగతి గరిష్ఠ శిక్ష దాకా ఎంతైనా వేయవచ్చు.

నేరం ఒప్పుకోవడం కోర్టులో నమోదు కాకుండా జరిగే ప్రీట్రయల్ డైవర్షన్ వేరు. కొన్ని కౌంటీల్లో మొదటిసారి చిక్కినవాళ్లకు అది దొరుకుతుంది. పూర్తి చేస్తే కేసు ఎత్తేస్తారు, రికార్డు చెరిపివేతకు దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే కొన్నిచోట్ల చేరేముందు నేరం చేశానని రాసి సంతకం పెట్టమంటారు. ఆ కాగితంలో ఏముందో ఇమిగ్రేషన్ న్యాయవాది చదవకుండా సంతకం చేయకూడదు. మరొక సంగతి: విద్యార్థి వీసా ముద్రను కేసు తేలకముందే, అరెస్టు కారణంగానే రద్దు చేసే అవకాశం ఉంది. ఈ సమయంలో చెల్లెలి పెళ్లికని ఇండియా వెళ్తే తిరిగి రావడం కష్టమైపోవచ్చు.

2010లో అమెరికా సుప్రీంకోర్టు పడీలా కేసులో, నేరం ఒప్పుకునేముందు ఇమిగ్రేషన్ పర్యవసానాల గురించి ముద్దాయికి సలహా ఇవ్వడం డిఫెన్స్ న్యాయవాది బాధ్యతేనని చెప్పింది. కనుక మీ న్యాయవాదిని ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. ఆయనకు ఆ రంగం తెలియకపోతే, తెలిసినవారితో ఒక గంట మాట్లాడి లిఖితపూర్వకంగా అభిప్రాయం తెప్పించమనండి.

డెంటన్_వాసి:

క్లాస్ ఎ, క్లాస్ బి సంగతి మాకు అసలు తట్టలేదండి. సొమ్ము తిరిగి కట్టేస్తే కేసు పోతుందని, తండ్రిగారు నేరుగా దుకాణం మేనేజరుకు ఫోన్ చేసి బతిమాలుతానంటున్నారు. చేయవచ్చా?

హ్యూస్టన్_పారాలీగల్:

చేయవద్దని గట్టిగా చెప్పండి. కేసు ఇప్పుడు దుకాణానిది కాదు, రాష్ట్రానిది. మేనేజరు వద్దన్నా డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే ప్రభుత్వ ప్రాసిక్యూటర్, కొనసాగించవచ్చు. "మావాడు తెలియక చేశాడు, డబ్బు కట్టేస్తాం" అన్న ఒక్క మాట రేపు ఎవరి సాక్ష్యంలో ఎలా వినబడుతుందో ఊహించలేం. బాండు షరతుల్లో దుకాణంవాళ్లను సంప్రదించరాదని ఉందేమో కూడా చూసుకోవాలి. సొమ్ము కట్టదలిస్తే న్యాయవాది ద్వారానే, ఏ దశలో, ఏ మాటలతో కట్టాలో ఆయనే నిర్ణయించాలి. పూర్తిగా కట్టి ఉండటం ప్రాసిక్యూటర్‌తో బేరం దగ్గర బలమైన అంశమే. అయితే తిరిగి ఇచ్చినంత మాత్రాన నేరం తరగతి మారదు, తీసుకున్న నాటి విలువే లెక్క.

వచ్చే వారం కూర్చున్నప్పుడు వరుసగా ఇవి అడగండి. కేసు గ్రాండ్ జ్యూరీకి ఇంకా వెళ్లకపోతే కాగితాలు పంపే ఉద్దేశం ఉందా? ఆ కౌంటీలో డైవర్షన్ దొరుకుతుందా, దొరికితే ఒప్పుకోలు కాగితం అడుగుతారా? 12.44 రెండో భాగం కంటే కిందికి, క్లాస్ బి దాకా, బేరం సాగే అవకాశం ఉందా? మొత్తం 2,500 లోపుకు రాగలదా అన్నది ఆ చివరి ప్రశ్నకు ఊతమిస్తుంది, కాబట్టి షిఫ్టుల పట్టికతో పాటు అతని తరగతుల హాజరు, బస్సు పాసు వివరాలు కూడా పట్టుకెళ్లండి. అబ్బాయి క్లాసులో ఉన్న సమయంలో అతని లాగిన్ మీద నమోదైన లావాదేవీ ఒక్కటి దొరికినా, ఆ లాగిన్ ఇంకెవరు వాడారన్న ప్రశ్న మిగతా పట్టిక మొత్తానికీ వర్తిస్తుంది.